నేను లేబర్ రూమ్‌లోకి వెళ్లని కాన్పు

2024 మే 29, బుధవారం. మధ్యాహ్నం 3 గంటల 40 నిమిషాలకు ఆ పాప పుట్టినప్పుడు నేను ఆసుపత్రి వరండాలో సిమెంటు బల్ల మీద కూర్చుని ఉన్నాను. ఆరేళ్లుగా నెల్లూరులో డౌలాగా పనిచేస్తున్నాను. తోడుంటానని మాటిచ్చిన కాన్పులో నేను లోపల లేకపోవడం అదే మొదటిసారి. లోపల ఆ అమ్మాయి నడుము పట్టుకుని నిలబడింది ఆమె అత్తగారు. ఆ అత్తగారిని మొదటి రెండుసార్లూ నేను గది బయటికి పంపించాను. ఈ కేసు రాయడానికి అసలు కారణం అదే.

ఇద్దరూ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు. ఇంట్లో, వీధిలో అందరూ ఆ అమ్మాయిని అమ్మణ్ణి అనే పిలుస్తారు. మన నెల్లూరు వైపు ప్రతి ఇంట్లోనూ ఒక అమ్మణ్ణి ఉంటుంది కాబట్టి నేనూ అలాగే పిలుస్తాను.

డౌలా అంటే తెలియనివారి కోసం రెండు మాటలు. ఇది గ్రీకు మాట, సేవ చేసే స్త్రీ అని అర్థం. 1970లలో డానా రాఫెల్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త, కాన్పయిన తల్లికి తోడుండే మనిషిని ఈ మాటతో పిలిచారు. మా వైపు పెద్దవాళ్లకు చెప్పేటప్పుడు "కాన్పుకి తోడొచ్చే మనిషిని" అంటాను, వెంటనే అర్థమవుతుంది. మంత్రసాని బిడ్డను పట్టేది. నర్సు బిడ్డ గుండె చప్పుడు చూస్తుంది. డాక్టరు వైద్యం చేస్తారు. ఇవేవీ నా పని కాదు. లోపలి పరీక్ష చేయను, మందు చెప్పను, ఆపరేషన్ కావాలనీ వద్దనీ చెప్పను. గర్భిణిగా ఉన్న నెలల్లో ఇంటికి వెళ్లి మాట్లాడతాను, నొప్పుల సమయంలో పక్కన ఉంటాను, బాలింతగా ఉన్న రోజుల్లో వెళ్లి చూసి వస్తాను.

ఆ ఇల్లు

ఊరు అల్లూరు వైపు, సముద్రానికి దగ్గర. అమ్మణ్ణికి 23 ఏళ్లు, పెళ్లయి మూడేళ్లు. 2023 రొట్టెల పండుగకి నెల్లూరు స్వర్ణాల చెరువులో దిగి, బిడ్డ కావాలన్న కోరికతో సంతాన రొట్టె పట్టుకుంది. మరుసటి నెల దాటాక నెల తప్పింది. డాక్టరు ఇచ్చిన తేదీ 2024 జూన్ 4.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి, అది మన ఆచారం. అమ్మణ్ణి పుట్టిల్లు ప్రకాశం జిల్లాలో కొండపి దగ్గర. తల్లి లేదు. ఆ పిల్ల పదో తరగతిలో ఉండగా పోయింది. ఇంట్లో నాయన ఒక్కడే. అవి పొగాకు వేలాల రోజులు, ఆయన ఇంటి పట్టున ఉండేదే తక్కువ. కందుకూరులో పిన్ని ఉంది గానీ ఆమె కూతురికీ అదే నెలలో కాన్పు. దాంతో పురుడు అత్తగారింట్లోనే అనుకున్నారు. ఊళ్లో ఆడవాళ్లు నాలుగు మాటలు అన్నారు. ఆ మాటలు అమ్మణ్ణి చెవిన పడ్డాయి.

భర్త రొయ్యల గుంటల మీద పనిచేస్తాడు. మేత వేయడం, రాత్రి కాపలా. కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ తగ్గి తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది, అందుకని రాత్రిళ్లు గుంట వదలడానికి లేదు. మంచి కుర్రాడు. కానీ ఏడో నెలలో అమ్మణ్ణికి రాత్రిపూట ఇంట్లో ఉన్నది అత్తగారు ఒక్కరే.

నన్ను పిలిచింది ఆ ఊరి ఆశా కార్యకర్త. "ఆ పిల్ల రాత్రిళ్లు నిద్రపోవడం లేదక్కా. కాన్పు మాటెత్తితే వణికిపోతా ఉండాది" అంది. ఏడాదికి కొన్ని కేసులు డబ్బు తీసుకోకుండా చేస్తాను. ఇది అలాంటిదే.

నేను చేసిన పొరపాటు

మొదటిసారి వెళ్లింది మార్చి రెండో వారంలో, 28 వారాలు నిండినప్పుడు. కొత్త చింతపండు రోజులు. అత్తగారు గడప దగ్గర గోనె పట్టా పరుచుకుని చింతకాయలు కొట్టి గింజ తీస్తూ కూర్చున్నారు. యాభై దాటిన మనిషి, సన్నగా, గట్టిగా ఉంటారు. నేను అమ్మణ్ణిని అడిగే ప్రతి ప్రశ్నకీ ఆవిడే జవాబు చెప్తున్నారు. చివరికి, "ఇదంతా ఎందుకు మేడం, నెల్లూరులో ప్రైవేటులో చేర్చి పెద్దాపరేషన్ చేయించేస్తాం. అప్పో సప్పో చేసుకుంటాం" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. ఆంధ్రప్రదేశ్‌లో జరిగే కాన్పుల్లో సిజేరియన్లు 42.4 శాతం అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. దేశం మొత్తం మీద అది 21.5 శాతం. మన రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 63. ఆ అంకెలు నా తలలో ఎప్పుడూ తిరుగుతుంటాయి. తల్లికో బిడ్డకో ప్రమాదం ఉన్నప్పుడు ఆపరేషన్ ప్రాణం నిలబెడుతుంది. ఏ కారణమూ లేకుండా ఏడో నెలలోనే ఆపరేషన్ అనుకోవడం వేరు. "పెద్దమ్మా, కాస్త అమ్మాయితో విడిగా మాట్లాడాలి" అన్నాను. ఆవిడ ఏమీ అనకుండా చింతపండు తట్ట ఎత్తుకుని పెరట్లోకి వెళ్లిపోయారు. ఆ రోజు నా పుస్తకంలో ఇలా రాసుకున్నాను: "అత్తగారు ఆపరేషన్ కోసం ఒత్తిడి చేస్తున్నారు. ఆమెను దూరంగా ఉంచాలి."

31వ వారంలో వెళ్లినప్పుడూ అదే చేశాను. తలుపు దగ్గరికి వేసుకుని అమ్మణ్ణికి ఊపిరి తీసే పద్ధతులు నేర్పాను, నొప్పులు ఎలా మొదలై ఎలా పెరుగుతాయో బొమ్మలు చూపించాను. అమ్మణ్ణి అన్నిటికీ తలూపింది. వచ్చేటప్పుడు మంచినీళ్లు ఇచ్చింది అత్తగారే, నా ముఖం చూడకుండా.

ఆ రెండుసార్లూ పనికొచ్చింది ఒక్కటే, రక్తం సంగతి. అమ్మణ్ణికి హిమోగ్లోబిన్ 9.2 ఉంది. ఐరన్ మాత్ర వేసుకుంటోంది గానీ, వేసుకోగానే వికారమని దాని మీద టీ తాగుతోంది. టీ తాగితే ఐరన్ ఒంటికి పట్టదు. కాల్షియం మాత్ర కూడా ఐరన్‌తో కలిపి ఒకేసారి మింగుతోంది, అదీ అంతే. ఏఎన్‌ఎంతో మాట్లాడి వేళలు మార్పించాను. రాత్రి అన్నం తిన్న రెండు గంటలకు నిమ్మరసంతో ఐరన్, పగటిపూట భోజనాలతో కాల్షియం. 36వ వారానికి 10.4కి వచ్చింది.

ఒక్క మనిషి, అదీ ఇంటి మనిషి

ఏప్రిల్ చివర్లో ఆసుపత్రికి వెళ్లి అడిగాను. కాన్పు నెల్లూరులో, ప్రభుత్వ ఆసుపత్రిలో అని అప్పటికి నిర్ణయమైంది. లేబర్ రూమ్‌లోకి తోడుగా ఒక్క ఆడమనిషినే పంపుతామని, ఆమె ఇంటి మనిషై ఉండాలని చెప్పారు. నాకు కోపం రాలేదు. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పుకి తోడు మనిషిని అనుమతించమని చెప్పినప్పుడు పెట్టిన షరతులు కూడా దాదాపు ఇవే: బంధువైన స్త్రీ, తాను కాన్పు అనుభవించిన మనిషి, అంటువ్యాధులు లేని మనిషి, శుభ్రమైన బట్టలతో కాన్పు అయ్యేదాకా ఉండాలి, సిబ్బంది పనికి అడ్డు రాకూడదు, పక్క బల్ల మీది వాళ్ల జోలికి పోకూడదు. అంతకుముందు నొప్పులతో వచ్చిన మనిషిని ఒంటరిగా లోపలికి తీసుకెళ్లి తలుపేసే రోజులు చూశాం కదా. ఆ ఒక్క మనిషికి తలుపు తెరుచుకోవడమే పెద్ద మార్పు.

అయితే ఆ ఒక్క మనిషి ఎవరు? పిన్ని రాలేదు. తల్లి లేదు. మిగిలింది నేను దూరంగా ఉంచాలని రాసుకున్న మనిషే.

బస్సులో వస్తూ నేను చదువుకున్నదంతా మళ్లీ గుర్తుచేసుకున్నాను. 1980లో గ్వాటెమాలాలో చేసిన మొదటి అధ్యయనంలో నొప్పులు పడే స్త్రీల పక్కన కూర్చోబెట్టింది మామూలు ఆడవాళ్లనే, నర్సులను కాదు. 2017లో వచ్చిన కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్ష 17 దేశాల్లో 15 వేలకు పైగా స్త్రీల మీద జరిగిన 26 అధ్యయనాలను కలిపి చూసింది. నొప్పుల సమయమంతా వదలకుండా తోడున్నచోట సహజ కాన్పులు ఎక్కువ, సిజేరియన్లు తక్కువ, నొప్పుల వ్యవధి కూడా సగటున అరగంటకు పైగా తగ్గింది. ఆ తోడు శిక్షణ పొందిన డౌలానే కావాలని లేదు, ఆ స్త్రీ కోరుకున్న బంధువైనా సరే. ఇదంతా తరగతుల్లో నేనే చెప్తుంటాను. ఆ ఇంట్లో మాత్రం చేయలేదు.

గడప దగ్గర

ఏప్రిల్ 30న, 35 వారాలకి, మూడోసారి వెళ్లాను. ఈసారి గదిలోకి వెళ్లలేదు. గడప దగ్గర అత్తగారి పక్కన కింద కూర్చున్నాను. "పెద్దమ్మా, మీ తొలి కాన్పు ఎట్టా జరిగింది?" అని అడిగాను.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఒడిలో చేట ఉంది, బియ్యంలో రాళ్లు ఏరుతున్నారు. ఏరుతూనే చెప్పారు, తలెత్తకుండా.

"ముప్పై రెండేళ్లయింది. వాన. కాలవ పొంగింది. మంత్రసానిని పిలవడానికి పోయినోళ్లు తెల్లారిగ్గాని రాలేదు. మా అత్త అప్పటికే మంచంలో ఉండాది. గదిలో నేనొక్కదాన్నే. దీపం కూడా ఆరిపోయింది. తెల్లారకముందే పుట్టింది. ఏడవలా. ఆడపిల్లంట, తర్వాత చెప్పినారు. నాకు చూపీలేదు."

చేటలో వేళ్లు ఆగాయి. మళ్లీ కదిలాయి.

"తర్వాత ఇద్దరు మగపిల్లోళ్లూ ఆసుపత్రిలోనే పుట్టినారు. బల్ల మీద పడుకోబెట్టి అందరూ పోయినారు. అరిస్తే తిట్టినారు. మత్తిచ్చి కోసి తీసేస్తే ఈ పిల్లకి అయ్యేవీ తెలీవు గదా మేడం. అందుకంటా ఉండా."

గదిలోంచి అమ్మణ్ణి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. మూడేళ్లుగా ఆ ఇంట్లో ఉంటూ ఈ సంగతి ఆమె వినడం అదే మొదటిసారి. ఏమీ మాట్లాడకుండా అత్తగారి పక్కన కూర్చుని చేటలో చెయ్యి పెట్టి తనూ రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.

ఆపరేషన్ మీద అత్తగారి పట్టుదలకు కారణం నాకు అప్పుడు అర్థమైంది. ఆవిడ తప్పించాలనుకున్నది నొప్పిని కాదు, ఆ ఒంటరితనాన్ని. మొదటి రోజే అడిగి ఉంటే మొదటి రోజే చెప్పేవారో లేదో తెలియదు, కానీ నేను అడగలేదు. ఆరేళ్లలో ఎన్ని ఇళ్లలో ఎంతమంది పెద్దవాళ్లను ఇలాగే గది బయట కూర్చోబెట్టానో అని ఆ రాత్రంతా నిద్రపట్టలేదు.

"లోపలికి మీరే పోవాల పెద్దమ్మా. ఒక్కరినే పంపిస్తారంట" అని చెప్పాను.

"నేనా? నాకేం తెలుసు? పోయి నేనేమనాల?"

నేర్పింది, నేర్చుకున్నది

ఆ రోజూ, మళ్లీ పోలింగ్ అయిన మర్నాడు మే 14నా, ముగ్గురం కలిసి సాధన చేశాం. నా పద్ధతి ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను, ఎవరి ఇంట్లోనైనా పనికొస్తుంది.

నొప్పి వచ్చినప్పుడు చాలామందికి నడుము కింద, రెండు పిరుదుల మధ్య పైభాగాన ఉండే వెడల్పాటి ఎముక మీద విపరీతమైన ఒత్తిడి తెలుస్తుంది. అక్కడ అరచేతి మణికట్టు వైపు భాగాన్ని ఆనించి, మోచెయ్యి వంచకుండా, నొప్పి మొదలైనప్పటి నుంచి తగ్గేదాకా ఒకే బలంతో నొక్కి పట్టాలి. రుద్దకూడదు. చాలామంది సున్నితంగా నిమురుతారు, దాంతో ఉపయోగం ఉండదు. అత్తగారికి ఇది ఒక్కసారి చూపిస్తే చాలింది. ఏళ్ల తరబడి నాట్లు వేసిన, వరి కట్టలు మోసిన చేతులు. నా మీద నొక్కి చూపించమంటే గోడకి ఆనుకోవాల్సి వచ్చింది.

వెల్లకిలా పడుకోబెట్టకూడదు. బిడ్డ బరువు తల్లి వెన్ను పక్కనున్న పెద్ద రక్తనాళం మీద పడి ఇద్దరికీ ఇబ్బంది అవుతుంది. ఎడమ పక్కకి తిరిగి పడుకోవచ్చు, నడవొచ్చు, మంచం పట్టె పట్టుకుని ముందుకు వంగి నడుము ఊపొచ్చు. నర్సమ్మ ఒప్పుకున్నంత వరకు గంటకోసారి భంగిమ మార్చాలి. మధ్యమధ్య గుక్కెడు మజ్జిగో కొబ్బరినీళ్లో, వాళ్లు ఇవ్వొచ్చంటేనే.

మాటల దగ్గర అత్తగారు తడబడ్డారు. మనవాళ్లకు నొప్పులప్పుడు అలవాటైన మాటలు రెండే: "ఓర్చుకో", "అరవబాక". రెండూ ఆ పిల్లను ఇంకా ఒంటరిని చేస్తాయి. "ఏం చెప్పాలో తెలియకపోతే జరిగేదే చెప్పండి పెద్దమ్మా. వచ్చింది, పెరుగుతా ఉండాది, తగ్గతా ఉండాది, పోయింది. అంతే" అన్నాను. పొలంలో కూలీలతో కలిసి లెక్క పెట్టుకునే మనిషి కాబట్టి ఆ లయ వెంటనే పట్టుకున్నారు. అమ్మణ్ణి నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వగా నేను చూడడం అదే మొదలు.

ఆ రోజు బయలుదేరేటప్పుడు "పోయిరా పాపా" అన్నారు అత్తగారు. మేడం పోయి పాప వచ్చింది.

మే 28, 29

మంగళవారం రాత్రి పదిన్నరకి భర్త ఫోను. నొప్పులు వస్తున్నాయి, కానీ ఒకసారి పది నిమిషాలకి, ఒకసారి ఇరవై నిమిషాలకి. ఉమ్మనీరు పోలేదు, రక్తం కనబడలేదు, బిడ్డ బాగా కదులుతోంది. ఇవన్నీ ఆశా కార్యకర్తకి కూడా చెప్పించాను. ఇంట్లోనే కాస్త తిని పడుకోమన్నాం. తెల్లవారుజామున మూడు దాటాక అయిదు నిమిషాలకోసారి, గట్టిగా, క్రమంగా వస్తున్నాయని చెప్పారు. వెంటనే 108కి ఫోన్ చేశారు. అయిదు గంటల పది నిమిషాలకి ఆసుపత్రిలో చేరేసరికి గర్భసంచి ముఖద్వారం నాలుగు సెంటీమీటర్లు తెరుచుకుంది. నేను అప్పటికే అక్కడ ఉన్నాను. లేబర్ రూమ్ తలుపు దగ్గర అమ్మణ్ణి వెనక్కి తిరిగి నా వైపు చూసింది. చెయ్యి మాత్రం అత్తగారి చేతిలో ఉంది. తలుపు మూసుకుంది.

డౌలాకి ఆ తలుపు బయట ఏం పని? ఆ రోజు దాకా నాకూ తెలియదు. భర్తకి పని అప్పగించాను. అతను గుంట మీది బురద కాళ్లతోనే వచ్చాడు. కేసు షీటు, ఆధార్, తల్లీబిడ్డల కార్డు ఒక సంచిలో పెట్టించాను. కొబ్బరి బోండాలు తెప్పించాను. అతనికి ఏదో ఒకటి చేస్తూ ఉండడమే కావాలి. అమ్మణ్ణి నాయనకి కొండపికి ఫోన్ చేసి గంటకోసారి సమాచారం చెప్పే పని కూడా అతనిదే.

ఏడు గంటలకి అత్తగారు ఒక నిమిషం బయటికి వచ్చారు. "ఆరంట. చెయ్యి నొప్పెడతా ఉండాది, అయినా పట్టుకునే ఉండా." చెయ్యి మార్చుకుంటూ పట్టమని, తనూ కాసిని కొబ్బరినీళ్లు తాగమని చెప్పి పంపాను.

పదకొండుకి మళ్లీ వచ్చారు. ఈసారి ముఖం చూస్తేనే తెలిసింది. "నాలుగు గంటలుగా ఆరుకాడే ఉండాదంట. ఆ పిల్ల నావల్ల కాదంటా ఉండాది. నువ్వు పోయి డాక్టరమ్మకి చెప్పు పాపా, కోసెయ్యమను."

ఎండ నిప్పులు చెరుగుతోంది. రోహిణి కార్తె. ఆవిడ జాకెట్టు పూర్తిగా తడిసిపోయి ఉంది. ఆ చీకటి గది, ఆరిపోయిన దీపం ఆవిడ కళ్లలో కనబడుతున్నాయి. నా నోటి దాకా వచ్చిన మాట "కంగారు పడబాకండి, నార్మలే అవుతుంది" అని. ఆ మాట అనే హక్కు నాకు లేదు. అవుతుందో లేదో నాకు తెలియదు. ఆపరేషన్ చేయమని చెప్పే హక్కూ లేదు.

"పెద్దమ్మా, డాక్టరమ్మని మూడు సంగతులు అడగండి. బిడ్డ గుండె ఎట్టా కొట్టుకుంటా ఉండాది? ఇప్పుడు ఏం చేస్తారు? ఎంతసేపు చూస్తారు? జవాబు విని అమ్మణ్ణికి మీరే చెప్పండి" అన్నాను. మూడు వేళ్లు మడిచి రెండుసార్లు అప్పజెప్పించుకున్నాను. చేతిమీద లెక్కపెట్టుకుంటూ లోపలికి వెళ్లారు.

ఒకప్పుడు గంటకో సెంటీమీటరు చొప్పున తెరుచుకోకపోతే ఆలస్యం కింద లెక్క కట్టేవారు. ఆ లెక్క అందరికీ సరిపోదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. అసలు వేగం అయిదు సెంటీమీటర్ల తర్వాతేనని, బిడ్డ, తల్లి బాగున్నంత వరకు వేచి చూడవచ్చని. డాక్టరమ్మ అదే పద్ధతిలో ఆలోచించారు. బిడ్డ గుండె బాగుందని, ఉమ్మనీటి సంచి తెరిచి నీటి రంగు చూస్తామని, అవసరమైతే సెలైన్‌లో నొప్పుల మందు పెడతామని, అప్పటికీ ముందుకు సాగకపోయినా బిడ్డ గుండె తగ్గినా ఆపరేషన్ చేస్తామని విడమరిచి చెప్పారట. అడిగితే చెప్పే డాక్టర్లు ఉంటారు. అడిగే నోరు పక్కన ఉండాలి.

నీరు తేటగా ఉంది. పన్నెండుంబావుకి మందు పెట్టారు. ఆ తర్వాత దాదాపు మూడున్నర గంటలు నాకేమీ తెలియదు. తలుపు సందులోంచి అప్పుడప్పుడు అత్తగారి గొంతు ఒక్కటే వినబడేది. "వచ్చింది... పెరగతా ఉండాది... తగ్గతా ఉండాది... పోయింది." గొంతు బొంగురుపోయింది, లయ తప్పలేదు.

ఆ సమయంలో ఏం జరిగిందో పదో రోజున అమ్మణ్ణి చెప్పింది. మందు పెట్టాక నొప్పులు ఒకదాని మీద ఒకటి వస్తుంటే "అమ్మా" అని అరిచిందట, మళ్లీ మళ్లీ. లేని అమ్మని. అత్తగారు ఆమె ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని "ఉండానమ్మణ్ణీ, యాడికీ పోలా" అన్నారట. ఆ మాట నేను నేర్పింది కాదు.

పాప 2.8 కిలోలు. తల్లికి కుట్లు పడ్డాయి. నర్సమ్మ బొడ్డుతాడు వెంటనే కత్తిరించకుండా కాసేపు ఆగింది, రక్తం తక్కువున్న తల్లి బిడ్డకి అది మంచిది. తుడిచి నేరుగా తల్లి గుండెల మీద పడుకోబెట్టారు. గంటలోపే ముర్రుపాలు పట్టింది. తేనె నాకించాలని ఎవరో బంధువు సీసాతో వచ్చింది. ఆపింది అత్తగారే.

సాయంత్రం ఆవిడ బయటికి వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చున్నారు. కుడి చెయ్యి వణుకుతోంది, గ్లాసు పట్టుకోలేకపోతున్నారు. నేను పట్టుకుని తాగించాను. "ఏడ్చింది పాపా. పుట్టంగానే ఏడ్చింది" అన్నారు.

బాలింత రోజులు

ఇంటికి వచ్చిన మర్నాడే అసలు చిక్కు మొదలైంది. బాలింతకి నీళ్లు ఇవ్వకూడదని ఆ ఇంటి పట్టింపు. ఇస్తే ఒళ్లు నీరు పడుతుందని. బయట ఎండ రోళ్లు పగిలేలా ఉంది. నాలుగో రోజు వెళ్లేసరికి అమ్మణ్ణి పెదవులు ఎండిపోయి ఉన్నాయి, లేస్తే కళ్లు తిరుగుతున్నాయి, మూత్రం ముదురు పసుపు. పాలు దిగి రొమ్ములు గట్టిపడ్డాయి, బిడ్డ పట్టలేక ఏడుస్తోంది.

వాదించలేదు. వాదన ఎటు పోతుందో మార్చిలోనే చూశాను. "పెద్దమ్మా, వాము వేసి కాచిన నీళ్లయితే ఇస్తారు గదా?" అని అడిగాను. ఇవ్వొచ్చన్నారు. "అయితే బిడ్డ పాలు తాగినప్పుడల్లా ఒక గ్లాసు, గోరువెచ్చగా." రోజుకి మూడు చెంబులు అయ్యేలా చెంబు పక్కనే పెట్టించాం. పాలు కొంచెం చేత్తో పిండి, రొమ్ము మెత్తబడ్డాక బిడ్డకి పట్టించడం చూపించాను. రెండు రోజుల్లో సర్దుకుంది.

తిండి దగ్గర అత్తగారి బెంగ ఇంకొకటి. బాలింతకి పాలసొర పుట్టు పెట్టాలి, పాలు పడతాయి. కానీ జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. చేప దొరికేదాకా గుడ్డు, కందిపప్పు, మునగాకు పెట్టమన్నాను. కారప్పొడి, వెల్లుల్లితో పాటే ఇవి కూడా. నిషేధం ఎత్తేశాక పాలసొర దొరికిన రోజున నాకు ఫోన్ చేసి మరీ చెప్పారు.

ఆరో రోజు జూన్ 4, ఓట్ల లెక్కింపు. డాక్టరు కాన్పుకి ఇచ్చిన తేదీ కూడా అదే. వీధి వీధంతా టీవీల ముందు ఉంది, అరుపులు, టపాసులు. నేను వెళ్లేసరికి వెనక గదిలో అమ్మణ్ణి బిడ్డను ఒళ్లో పెట్టుకుని శబ్దం రాకుండా ఏడుస్తోంది. "ఏమీ లేదక్కా. ఎందుకో తెలీదు. మా అమ్మ ఉంటే బిడ్డని చూసేది గదా."

కాన్పయిన మొదటి రెండు వారాల్లో ఇలా దుఃఖం పొంగడం చాలామందికి ఉంటుంది. ఒంట్లో మారే హార్మోన్లు, నిద్ర లేకపోవడం, అన్నీ కలిసి. అమ్మణ్ణి విషయంలో నిజమైన దుఃఖం కూడా ఉంది. నేను కూర్చుని వాళ్లమ్మ గురించి అడిగాను, అంతే. అమ్మ ఏం వండేది, ఏం పాట పాడేది. గంట మాట్లాడింది. అత్తగారికీ భర్తకీ మాత్రం విడిగా చెప్పాను: రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డ పడుకున్నా తనకి నిద్ర పట్టకపోతే, బిడ్డ మీద ఆసక్తి పోతే, తనకి గానీ బిడ్డకి గానీ హాని చేసుకోవాలన్న మాట ఒక్కసారి వచ్చినా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు గోడ మీద రాయించాను. రాత్రి మూడు నుంచి తెల్లారేదాకా ఏడిచే పాపను అత్తగారు చూసుకుని, అమ్మణ్ణిని నిద్రపోనిచ్చారు. పద్నాలుగో రోజుకి తేరుకుంది. పాప పుట్టినప్పటి బరువు దాటింది.

ఇప్పుడు నేను చేసేది

మొదటిసారి ఏ ఇంటికి వెళ్లినా ముందు ఇంట్లో పెద్దావిడ పక్కన కూర్చుంటున్నాను. మీ కాన్పు ఎలా జరిగిందని అడుగుతున్నాను. కొందరు నవ్వి ఊరుకుంటారు. కొందరు చెప్తారు. కోడలికి కొన్ని మాటలు విడిగా చెప్పుకునే అవసరం ఉంటుంది, కొట్టినా తిట్టినా చెప్పుకోవడానికి చోటు కావాలి, అందుకని విడిగా మాట్లాడడం మానలేదు. వరస మార్చాను. నేను లోపలికి వెళ్లగలిగే కాన్పుల్లో కూడా నాకు తెలిసినదంతా ఇంటి మనిషి ఒకరికి ముందే నేర్పుతున్నాను. నా తరగతుల్లో "నార్మల్" అన్న మాటను తగ్గించాను. ఆ రోజు డాక్టరమ్మ ఆపరేషన్ చేయాల్సి వచ్చి ఉంటే, అత్తగారు ఆ గదిలో చేసిన పని ఒక్క పిసరు కూడా తగ్గేది కాదు.

జూలై 17న రొట్టెల పండుగ మొదలైంది. కోరిక తీరినవాళ్లు మళ్లీ వచ్చి, అదే కోరికతో ఉన్న ఇంకొకరికి రొట్టె ఇవ్వాలి. బిడ్డకి 49 రోజులు, ఆ జనంలోకి వద్దని అమ్మణ్ణిని ఇంట్లో ఉంచి అత్తగారు ఒక్కరే వచ్చారు. స్వర్ణాల చెరువు గట్టు మీద నుంచి ఫోన్ చేశారు. వెనక మైకులు, జనం, సరిగా వినబడలేదు.

"పొదిలి నుంచంట పాపా, ఒక పిల్లకి రొట్టె ఇచ్చినా. నీకు అమ్మ ఉండాదా అని అడిగినా. ఉండాదంట. అయినా నీ నంబరు ఇచ్చినా, ఏమనుకోబాక."